సింథసైజర్ మీద రామనామం

మా తాటిపాకలో భజనకి కీబోర్డ్ తెస్తే, హార్మోనియం ఉండగా ఇదెందుకని పెద్దవాళ్ళు ఆపేశారు. ఆ రాత్రే ఆలిస్ కోల్ట్రేన్‌ని విన్నాను.

ఆవిడ 1937లో డెట్రాయిట్‌లో పుట్టారు. చిన్నప్పుడే చర్చిలో వాయించారు. 1967లో భర్త, సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ పోయారు. నలుగురు పిల్లలు, నిద్రలేని రాత్రులు. ధ్యానమే నిలబెట్టింది. 1972లో 'వరల్డ్ గెలాక్సీ' ఆల్బమ్ విడుదలైంది. తర్వాత కచేరీలు, పేరు అన్నీ పక్కనపెట్టి కాలిఫోర్నియాలో ఆశ్రమజీవితం. 1982 నాటి 'తురియా సింగ్స్' క్యాసెట్‌లో సింథసైజర్ మీద రాముడు, కృష్ణుడు! అదీ శిష్యుల కోసమే. మన పుట్టపర్తి బాబాకి భక్తురాలు కూడా. 2007లో వెళ్ళిపోయారు.

నిన్న భజనయ్యాక ఆ పాటలు ఫోన్లో పెట్టాను. పెద్దాయన చివరిదాకా కూర్చున్నారు. శనివారం కీబోర్డ్ తెమ్మన్నారండి, సౌండు మాత్రం తగ్గించమన్నారు.