డాక్టరు అన్నా కుగ్లరుగారు

గుంటూరు పట్టణమున కుగ్లరు ఆసుపత్రి పేరు వినని వారరుదు. ఆ పేరుగల పుణ్యవతి చరిత్రమును మా బాలబాలికలకు సంగ్రహముగా దెలుపదలంచితిమి.

అన్నా సారా కుగ్లరుగారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డుమోరునందు జన్మించిరి. 1879లో ఫిలడెల్ఫియా స్త్రీవైద్యకళాశాలలో పట్టము బొంది, నారిస్టౌను పిచ్చాసుపత్రిలో కొంతకాలము పనిచేసిరి. లూథరను సంఘపు స్త్రీసమాజమువారు వైద్యకార్యమునకు అప్పటికింకను సిద్ధపడనందున ఈమెను ఉపాధ్యాయినిగానే పంపిరి. 1883లో గుంటూరు చేరిరి.

అప్పటి స్థితి యెట్టిదనగా, ఘోషాలోనుండు మహమ్మదీయ స్త్రీలును, పెక్కు అగ్రకుల స్త్రీలును పరపురుషుడైన వైద్యునికి గన్పడరు. రోగి బాధను చెప్పునది భర్తయో అత్తయో గాని రోగి గాదు. వైద్యుని పిలుచుటయు మానుటయు పెద్దల యిష్టము. ప్రసవము కష్టమైనచో మంత్రసానియే దిక్కు. విదేశస్థులు తాకిన నీటితో గలిపిన మందు మైలయని విడుచువారును గలరు. ఊరిలో వైద్యుడున్నను ఇట్టి యిండ్లలోని యాడువారికి లేనట్లే.

పాఠము చెప్పుటకు వచ్చినవారు మందియ్యవచ్చునా? నొప్పులుపడుచున్న తల్లితో, నేను పంతులమ్మను, వైద్యము నా పనిగాదని చెప్పుటెట్లు? కుగ్లరుగారు బాలికల పాఠశాలలను జూచుకొనుచునే రోగులను జూచిరి. 1885లో సమాజమువారు వీరిని వైద్యురాలిగా నియమించిరి. 1893లో మందులశాలయు, 1898లో స్త్రీలకును బిడ్డలకును ఆసుపత్రియు వెలసినవి.

ఇంకొక చిక్కు గలదు. నల్లరేగడి దారులవెంట బండ్లమీద రోగితోగూడ బంధువులెల్ల వత్తురు. ఇతరుల చేతివంట ముట్టరు. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరుగారు, తమ కుటుంబమునకు గలిగిన మేలునకు కృతజ్ఞతగా, అట్టివారికి ఆసుపత్రియొద్ద ఒక సత్రము కట్టించిరి. ఆచారమునకు చోటిచ్చుట దానిని బలపరచుటయే గదాయని కొందరనవచ్చును. ఆ మాటను మేము బొత్తిగా త్రోసివేయజాలము. కాని ఘోషా తొలగువరకు ప్రసవవేదన యాగునా? ముందు రోగిని జూచుటయే వారు చేసిన నిర్ణయము.

1905లో ప్రభుత్వమువారు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. డెబ్బదినాలుగేండ్ల ప్రాయమున, 1930 జూలై 26వ తేదీన, గుంటూరునందే ప్రభువునందు నిద్రించిరి.