ప్రశ్న అడిగే నోరు: గిడుగు రామమూర్తి జీవితం నుంచి మన బడి నేర్చుకోని పాఠం

కవిటి మండలంలోని ఒక ఉన్నత పాఠశాల. ఏడో తరగతి గది. పరిశోధన పని మీద కొన్ని రోజులు అక్కడ వెనక బెంచీలో కూర్చున్నాను. సైన్సు సారు నీటి గురించి పాఠం చెబుతుంటే దళితవాడ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది. తమ వీధిలో అందరూ తాగేది ఒకే బోరు నీళ్లు కదా, మరి తాతకు కిడ్నీలు పాడై డయాలసిస్‌కు తిరుగుతుంటే పక్కింటి ముసలాయనకు ఏమీ కాలేదేం అని అడిగింది.

ఉద్దానంలో ఏళ్ల తరబడి డాక్టర్లు, శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటున్న ప్రశ్న అది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశపారంపర్యమా? కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పన్నెండేళ్ల పిల్ల ఆ ప్రశ్న దగ్గరికి తనంతట తాను నడిచి వచ్చింది. కానీ ఆమె అడిగిన మాటల్లో నాను ఉంది, ఏటి ఉంది. ఏటి కాదు, ఏమిటి అనాలని సారు సరిచేశారు. తరగతి మొత్తం నవ్వింది. ఆమె కూర్చుంది. నేను అక్కడ ఉన్నన్ని రోజులూ మళ్లీ లేవలేదు.

పిల్లలకు ధైర్యంగా మాట్లాడటం, కారణం వెతకటం, విన్నదాన్ని పరీక్షించి చూడటం నేర్పాలని విద్యాశాఖ కాగితాలన్నీ చెబుతాయి. టీచర్లకు శిక్షణలు కూడా జరుగుతాయి. అయితే పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషను గుమ్మం బయటే విడిచి రమ్మంటే ఆలోచన కూడా బయటే ఆగిపోతుంది. ఈ సంగతి వందేళ్ల కిందటే గుర్తించి, దాని కోసం జీవితమంతా కొట్లాడిన మాస్టారు ఒకరు మన పక్కనే ఉన్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆయన ఎందుకు కొట్లాడాడో మాత్రం పిల్లలకు చెప్పటం లేదు.

వంశధార ఒడ్డు నుంచి పర్లాకిమిడికి

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం. పన్నెండేళ్ల వయసులో తండ్రి వీర్రాజు చనిపోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఇల్లు గడవాలి కాబట్టి మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పై పరీక్షలు పూర్తి చేశారు. తర్వాత అక్కడి కాలేజీలో చరిత్ర చెప్పారు.

అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోవే. టెక్కలి పక్కనున్న నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. ఈ తీరం మనుషులకు ఆ ఊరు పరాయి ఊరు కాదు. తెలుగు, ఒడియా, సవర మూడూ వినపడే చోటు అది. ఈరోజు కవిటి సంతలో తెలుగూ ఒడియా ఎలా కలిసి వినపడతాయో, అక్కడ వాటికి తోడు కొండల నుంచి దిగివచ్చే సవరల మాట కూడా వినపడేది.

ఇంట్లో కూర్చోబెట్టుకొని నేర్చుకున్న భాష

సవరలు ఆదివాసులు. వాళ్ల భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి చుట్టరికం లేదు. కొండ కింద ఉన్న అధికారికి, షావుకారికి ఆ భాష రాదు. వచ్చిన మధ్యవర్తి ఎలా చెబితే అదే సవర మాటగా చెల్లుబాటయ్యేది. తన మాట అవతలివాడికి నేరుగా చేరని మనిషి ఎలా మోసపోతాడో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పిల్లలకు చదువు చెప్పాలనుకున్న రామమూర్తి, వాళ్లకు ముందు తెలుగు నేర్పుదాం అనుకోలేదు. తానే సవర నేర్చుకుందామనుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని ఆయన దగ్గర నేర్చుకున్నారు. అంటు, మైల అంటూ గడపలు విడివిడిగా ఉన్న కాలంలో, రాజు కొలువులో ఉన్న ఒక బ్రాహ్మణ మాస్టారు ఆ పని చేయటం చిన్న సంగతి కాదు. కొండల్లో తిరిగారు. సవరల పాటలు, కథలు రాసుకున్నారు. వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, అందులో పనిచేసే ఉపాధ్యాయులకు తన జేబులోంచే జీతాలిచ్చారు.

అప్పటికి మన దగ్గర భాషాశాస్త్రం చెప్పేవాళ్లు లేరు. పుస్తకాలు తెప్పించుకొని తానే చదువుకున్నారు. దాదాపు 35 ఏళ్ల పని తర్వాత 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. ఈ పనికి ఆయన ఒంటితో కూడా మూల్యం చెల్లించారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిని, మిగతా జీవితమంతా చెవుడుతోనే గడిచింది. మనుషుల నోటి మాట కోసం పోరాడిన మనిషి ఆ మాటను సరిగా వినలేని స్థితిలో పోరాడాడు.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఆగస్టు 29 సభల్లో గిడుగు పేరు వినపడుతుంది. ఆయనకు ఆ భాష నేర్పిన సవరల పేర్లు వినపడవు. గురువుకు నేర్పిన గురువులు వాళ్లు.

రెండో గోడ

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు పిల్లలకు తెలుగు పాఠమే అర్థం కాకపోవటం ఏమిటని ఆయనకు సందేహం వచ్చింది. ఇంట్లో, వీధిలో ఒక భాష. పుస్తకంలో ఎవరూ మాట్లాడని మరో భాష. ఈ తేడా ఎందుకని వాకబు చేస్తే, జవాబు చెప్పగలవాళ్లుగా గురజాడ, గిడుగుల పేర్లు ఆయనకు చెప్పారు. విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ కూడా వీళ్లతో కలిశారు. తెలుగు బోధన మీద అలా మొదలైన చర్చ ఉద్యమమైంది. రామమూర్తి 1911లో ఉద్యోగం విరమించి మిగతా జీవితాన్ని దానికే ఇచ్చారు.

వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్యం పాఠంగా చదువుకుంటాం. నిజానికి అది బడిలో పుట్టిన గొడవ. చిన్న పిల్లవాడు తనకు తెలిసిన సంగతిని నాలుగు వాక్యాల్లో రాయాలంటే ముందు అరసున్నలు, శకటరేఫలు, ఏనాడో మాటల్లోంచి పోయిన క్రియా రూపాలు బట్టీ పట్టాలి. చెప్పాల్సిన విషయం చివరికి వస్తుంది, లేదా అసలు రాదు. తాతల నాటి నుంచి పుస్తకాలున్న ఇంటి పిల్లవాడికి ఆ భాష కొంతైనా చెవిన పడి ఉంటుంది. ఆ రోజుల్లో బడి గడప తొక్కటమే దళిత పిల్లలకు ఒక పోరాటం. తొక్కాక ఎదురయ్యే రెండో గోడ ఈ పుస్తకాల భాష. మొదటి గోడను కులం పేరుతో కట్టారు. రెండోదాన్ని వ్యాకరణం పేరుతో నిలబెట్టారు.

1912-13లో స్కూల్ ఫైనల్ పరీక్షలో తెలుగు వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా రాయవచ్చని అధికారులు అనుమతించారు. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు ముందుండగా ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీన్ని ఎదిరించింది. సభలు, మహజర్లు, పత్రికల్లో దాడులు. ఆ వెసులుబాటు నిలవలేదు. 1914లో విశ్వవిద్యాలయం కమిటీలో గురజాడ అసమ్మతి పత్రం రాశారు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. ఆ తర్వాత బరువంతా రామమూర్తి మీద పడింది. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. ఏడాది నడిచి ఆగిపోయింది. అదే ఏడాది రాజమండ్రిలో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడయ్యారు. జీవితమంతా గ్రాంథికం రాసిన మనిషి చివరి రోజుల్లో ఇటు రావటం ఉద్యమానికి పెద్ద బలం.

వాదించటం ఎలాగో చూపించినవాడు

విద్యార్థులు ఆయన దగ్గర ముఖ్యంగా నేర్చుకోవాల్సింది వాదించే పద్ధతి. ఆయన చరిత్ర మాస్టారు. శ్రీముఖలింగం గుడిలో శాసనాలు స్వయంగా చదివి గాంగ రాజుల గురించి రాసినవాడు. ఆధారం లేకుండా మాట్లాడటం ఆయనకు తెలియదు. పాత కావ్యాలు, శాసనాలు, వ్యాఖ్యానాలు తిరగేసి, తప్పని పండితులు కొట్టిపారేసిన రూపాలు పూర్వం ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించారు. గద్య చింతామణి లాంటి పుస్తకాల్లో ఇంకో పని చేశారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవాళ్ల రచనలనే తీసుకొని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాటిలో తప్పులు ఏరి చూపారు. పెద్ద పండితులే తప్పు లేకుండా రాయలేని భాషను చిన్న పిల్లల నెత్తిన ఎందుకు పెడుతున్నారన్నది ఆయన వాదన.

1925లో తణుకు సభలో ఈ ఆధారాలతో నాలుగు గంటలు మాట్లాడారు. వ్యతిరేకులు వాళ్ల సభలోనే ఆయన మాట వినాల్సివచ్చింది. ఎదుటివాడి పుస్తకం ముందు చదువు, వాడి కొలబద్దతోనే కొలిచి చూపు, నీ మాటకు రుజువు చేతిలో ఉంచుకో. తార్కికంగా ఆలోచించటం నేర్పే పాఠం ఇంతకన్నా ఏముంటుంది? మనుస్మృతినీ శాస్త్రాలనూ చదివి, వాటి మాటలతోనే వాటిని నిలదీసిన అంబేద్కర్ పద్ధతి తెలిసిన మనకు ఇది కొత్త కాదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ ఊరు తెలుగు ప్రాంతంలోనే ఉండాలని వాదించిన రామమూర్తి, 50 ఏళ్లకు పైగా బతికిన ఊరిని ఆ రోజే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల తలుపులు వాడుక భాషకు పూర్తిగా తెరుచుకోవటానికి ఆ తర్వాత ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

ఆయన ఆగిన చోటు

ఆయన్ని గౌరవించటమంటే ఆయన హద్దు కూడా చూడటం. రామమూర్తి కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే భాష. చదువు ఏ కులాల చేతుల్లో ఉండేదో తెలిసిందే. కాలక్రమంలో పత్రికలు, పాఠ్యపుస్తకాలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువరుల మాటను ప్రమాణం చేసుకున్నాయి. ఎవరూ మాట్లాడని భాష పోయి, కొందరు మాట్లాడే భాష వచ్చింది. వంశధార ఒడ్డున పుట్టిన మనిషి గెలిపించిన తెలుగులో వంశధార ఒడ్డు యాసకు చోటు దక్కలేదు. మాల, మాదిగ వాడల పలుకుకు అసలే దక్కలేదు. ఆ చోటు తర్వాత దళిత కవులు, కథకులు కొట్లాడి తెచ్చుకున్నారు. మన ఉత్తరాంధ్ర యాసకు వంగపండు ప్రసాదరావు పాట గౌరవం తెచ్చింది. కానీ పాటలో చప్పట్లు కొట్టించుకున్న మాట తరగతి గదిలో ఇప్పటికీ నవ్వుల పాలవుతోంది.

మన మిత్రుల్లో కొందరికి ఒక అనుమానం వస్తుంది. యాస, అమ్మభాష అంటూ దళిత పిల్లలను ఇంగ్లీషుకు దూరం చేసే ఎత్తు కాదా ఇది అని. తమ పిల్లలను కాన్వెంటుకు పంపి మన పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించేవాళ్లను చూసినప్పుడు ఆ అనుమానం న్యాయమే. కానీ రామమూర్తి ఇంగ్లీషుకు శత్రువు కాడు. సవర వ్యాకరణం రాసింది ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు మన పిల్లల హక్కు. ఆ హక్కు అందాలన్నా ముందు పిల్ల నోరు తెరవాలి. ఏటి అన్నందుకు నవ్వించుకున్న పిల్ల వాట్ అనటానికి ఇంకా ఎక్కువ భయపడుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు అందులో సవర కూడా ఉంది. రామమూర్తి సొంత ఖర్చుతో చేసిన పనిని ప్రభుత్వం అందుకోవటానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

టీచర్లు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. పిల్ల ఏ మాటలో అడిగినా ముందు ప్రశ్న వినాలి. దానికి జవాబు వెతకాలి, తెలియకపోతే తెలియదని చెప్పి తరగతినంతా వెతకమనాలి. పరీక్షకు కావాల్సిన ఏమిటి అనే రూపం ఆ తర్వాత బోర్డు మీద రాసి చూపించవచ్చు. రెండూ తెలుగేనని, ఒకటి ఇంటిదని, ఒకటి పుస్తకానిదని చెబితే ఏడో తరగతి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరికే జబ్బు ఎందుకు వచ్చింది? కవిటి బడిలో ఆ ప్రశ్న ఇంకా నిలబడే ఉంది. దాన్ని అడిగిన పిల్లే కూర్చుండిపోయింది. ఈ ఆగస్టు 29న రామమూర్తి పటానికి దండ వేసే చేతులు, ఆ పిల్లను మళ్లీ లేపి ఆ ప్రశ్న అడిగించాలి.