మాతామహి రుద్రమదేవి

ఓరుగల్లు కోటలో ఖడ్గము ధరించిన వీరనారిగా రుద్రమదేవిని ఎరుగనివారు తెలుగునాట లేరు. ఆమె ఒక మనుమనికి అమ్మమ్మ యనియు, ఆ మనుమని చేతికి రాజ్యమును చెక్కుచెదరక అందించుటయే ఆమె ఉత్తర జీవితమునకు లక్ష్యమైనదనియు తలచువారు మాత్రము కొద్దిమందియే.

కాకతి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు తెలుగుదేశము నేలిన మహారాజు. ఆయనకు సింహాసనమునకు తగిన పుత్రుడు లేకుండెను. కుమార్తెలలో గణపాంబను ధరణికోట నేలు కోట బేతరాజున కిచ్చెను. రుద్రమను నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునకిచ్చి వివాహము చేసినను, రాజ్యభారమును మాత్రము ఆమెకే అప్పగింప నిశ్చయించెను. అందువలననే శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజుగా పురుషనామముతో కానవచ్చుచున్నది. ఆడుది గద్దె నెక్కుట సామంతులలో పలువురకు సహింపరానిదయ్యెను. అయినను రేచెర్ల ప్రసాదిత్యుని వంటి విశ్వాసపాత్రులు ఆమె పక్షమున నిలిచిరి.

తండ్రి జీవించియుండగనే 1261లో వెలసిన మల్కాపుర శాసనము ఆమె శివభక్తికి గొప్ప సాక్ష్యము. గౌడదేశమున జన్మించి గోళకీమఠ సంప్రదాయమునకు ఆచార్యుడైన విశ్వేశ్వర శంభువు గణపతిదేవునకు దీక్షాగురువు. కృష్ణానదికి దక్షిణమున నున్న మందడము గ్రామమును గణపతిదేవుడు ఆ గురువునకు దానముగా సంకల్పించగా, దానితో వెలగపూడి గ్రామమును చేర్చి రుద్రమదేవి ధారపోసెను. ఆ ఆదాయముతో అచ్చట శివాలయము, శైవమఠము, విద్యాశాల, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల వెలసినవి. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవ్వరు వచ్చినను అన్నము పెట్టవలెనని కట్టడి. గోళకీమఠము వారిది శుద్ధశైవము. బసవేశ్వరుడు చూపిన ఇష్టలింగ మార్గము వేరు. అయినను దాసోహము నెరిగిన శరణులకు ఆ సత్రపు పంక్తి పరాయిదిగా తోచదు. ఇక ప్రసూతిశాల మాట. ఏడువందల అరువది యేండ్ల క్రిందట, కాన్పు కష్టమునకు గ్రామాదాయములో భాగము కేటాయింపవలెనను ఊహ రాజసభలో ఎవరికి కలిగెనో శాసనము చెప్పదు. ఆ దాతలలో ఒకరు స్త్రీ యను సంగతి మాత్రము మరువరాదు.

రుద్రమకు ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ అని మువ్వురు కుమార్తెలు. పుత్రసంతానము లేదు. తండ్రికి వచ్చిన చిక్కే ఆమెకును వచ్చెను. భర్త గతించిన పిమ్మట ఆ భారము ఆమె ఒక్కతె పైననే పడెను. ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని ఆమె దత్తపుత్రునిగా స్వీకరించి, కాకతీయ వంశమునకు వారసునిగా చేసెను. ఒకమారు కూతురు ఏలెను, ఇపుడు కూతురి కొడుకు ఏలవలెనట యని గొణుగువారికి ఇది మరియొక కారణమయ్యెను. కావున మనుమని పెంపకము ఆమెకు ఇంటి ముచ్చట మాత్రమే కాదు; అది రాజ్యరక్షణము కూడ. ప్రతాపరుద్రుడు అమ్మమ్మ జీవించియుండగనే రాజ్యకార్యములలో పాలుపంచుకొనుచు వచ్చెను.

ఈ నడుమ శత్రువులు ఊరకుండలేదు. దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఓరుగల్లుపై దండెత్తి రాగా ఆమె తరిమికొట్టెను. బీదరు కోటలో దొరికిన శిథిల శాసనము ఆమె ప్రాబల్యము అంత దూరము ప్రాకినదని తెలుపుచున్నది. తండ్రి ఆరంభించిన రాతికోట గోడను ఆమె మరింత ఎత్తు పెంచెను. వెనిసు నగర యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రేవు ప్రాంతమును గూర్చి వ్రాయుచు, ఈ దేశమును వితంతువైన యొక రాణి నీతితో పాలించినదని మెచ్చుకొనెను. అచ్చటి వజ్రములను, సాలెగూటి దారము వంటి సన్నని వస్త్రములను పొగడెను. ఆమె తండ్రి రాజ్యమును భర్త రాజ్యముగా భ్రమించుట ఆతని పొరపాటు. కూతురికి గద్దె దక్కుట పరదేశికి సయితము ఊహకందలేదు కాబోలు.

ఆమె ముదిమిలో గొప్ప ఆపద స్వజనుల వలననే వచ్చెను. కాయస్థ జన్నిగదేవుడు, త్రిపురారి ఆమెకు విధేయులై యుండిరి. వారి తమ్ముడు అంబదేవుడు 1272 ప్రాంతమున అధికారమునకు వచ్చి, క్రమముగా స్వతంత్రించి, కాకతీయుల సామంతులను ఒక్కొక్కరినే లోబరచుకొనసాగెను. మనుమనికి అప్పగింపవలసిన రాజ్యము దక్షిణమున తరుగుచుండగా చూచుచు ఊరకుండుట ఆ వృద్ధరాణికి సాధ్యము కాలేదు.

నల్లగొండ మండలములోని చందుపట్ల శాసనము ఆ కథకు చివరి పుట. రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని మరణానంతరము పుణ్యము కలుగుటకై పువ్వుల ముమ్మడి యను సేవకుడు సోమనాథదేవునకు భూమి నిచ్చినట్లు అందున్నది. దాని కాలము 1289 నవంబరు 27. ఈ శాసనము వెలుగులోనికి రాకమునుపు ఆమె 1295 ప్రాంతము వరకు ఏలినదని చరిత్రకారులు తలచిరి. ఎట్లు మరణించినదో అందు లేదు. రాణిని, సేనానిని ఒక్కచోట పేర్కొనుటను బట్టి, అంబదేవునితో జరిగిన పోరులో ఇరువురును నేలకొరిగిరని పండితుల ఊహ. అది నిజమైనచో మనుమలున్న వయసున ఆమె యుద్ధభూమి యందు ప్రాణములు విడిచినదన్నమాట. ఆమె పేర దానము చేసినవాడు ఒక సామాన్య భటుడగుటయు గమనింపదగినది.

1289లో ప్రతాపరుద్రుడు సింహాసనమెక్కెను. రెండేండ్లు గడచునప్పటికి, అనగా 1291లో, ఆయన సేనలు త్రిపురాంతకమునుండి అంబదేవుని వెడలగొట్టినవి; అతడు దక్షిణమున ములికినాటికి తొలగెను. ఆ పిమ్మట ఢిల్లీ సుల్తానుల దండయాత్రలను పలుమారులు ఎదుర్కొనుచు ముప్పది నాలుగేండ్లు ప్రతాపరుద్రుడు ఓరుగల్లును నిలిపెను. 1323లో కోట పడిపోయినది. బందీగా ఢిల్లీకి కొనిపోబడుచు, మార్గమధ్యమున నర్మదా తీరమున ఆయన తనువు చాలించెను.