లార్డు కెల్విను: ఆలస్యమునకు కారణము వెదకిన మహనీయుడు

మన విద్యార్థులలో కొందరు సెలవుదినములందు దూరనగరములలోని స్నేహితులతో ఫోనుమీద ఆటలాడుచుందురు. మీట నొక్కిన తక్షణమే తెరమీది ఆటగాడు కదలనిచో విసుగు చెందుదురు. దూరమునకు పంపిన సంజ్ఞ ఏల ఆలస్యమగునను ప్రశ్నను సుమారు 170 సంవత్సరములకు పూర్వమే విచారించిన విలియం థామ్సను చరిత్రమును వారికై సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1824వ సంవత్సరము జూను 26వ తేదీన ఐర్లండులోని బెల్ఫాస్టు నగరమున జన్మించెను. ఆరవయేట తల్లిని కోల్పోయెను. గణితోపాధ్యాయుడగు తండ్రియే ఆయనకు విద్య గరపెను. పదియేండ్ల ప్రాయమున గ్లాస్గో విశ్వవిద్యాలయమునను, పిమ్మట కేంబ్రిడ్జియందును చదివి, 22వ యేట గ్లాస్గోలో ప్రకృతిశాస్త్రాచార్యుడయ్యెను. ఆ పదవియందు 53 సంవత్సరములుండెను.

ఆ కాలమున అట్లాంటిక్ మహాసముద్రగర్భమున తంతి వేయవలెనని కొందరు తలపెట్టిరి. సముద్రతంతియందు నడుమ రాగితీగయు, దానిచుట్టు గట్టాపెర్చా అను చెట్టుపాలతో చేసిన తొడుగును, వెలుపల ఉప్పునీరును ఉండును. తీగలో ప్రవేశించిన విద్యుత్తు మొదట ఆ తొడుగు పొడవునను నిలువ చేరును. అది నిండుకొలదిగాని ఆవలికొనను ప్రవాహము బలపడదు. తంతి పొడవు రెండింతలైన ఆలస్యము నాలుగింతలును, మూడింతలైన తొమ్మిదింతలును అగునని థామ్సను 1854లో గణించి, మరుసటి సంవత్సరము ప్రకటించెను. రాగిని లావుగాను, శుద్ధముగాను, తొడుగును మందముగాను చేయుటయే దీనికి మందని తెలిపెను.

కంపెనీవారి విద్యుత్ నిపుణుడైన వైట్‌హౌసు ఈ సూత్రము నంగీకరింపలేదు. సన్నని తీగతోనే తంతి తయారయ్యెను. థామ్సను అలిగి తొలగిపోలేదు. జీతము లేకయే ఓడలో పయనించి, అద్దపు గాల్వనోమీటరు అను సున్నితమైన యంత్రమును కల్పించెను. పట్టుదారమున వ్రేలాడు చిన్న అద్దము మిక్కిలి స్వల్పప్రవాహమునకే కదలి, దీపకాంతిని కొలబద్దపై జరుపును. కావున ప్రవాహము పూర్తిగా బలపడువరకు కాచియుండ నక్కరలేదు.

1858 ఆగస్టులో తంతి ఐర్లండును న్యూఫౌండ్‌లాండుతో కలిపెను. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశమునకు సుమారు 16 గంటలు పట్టెను. వైట్‌హౌసు సుమారు 2,000 వోల్టుల బలము ప్రయోగించెనందురు. ముందే లోపముగల ఆ తంతి కొద్ది వారములలోనే మూగవోయెను, అపారధనము నీటిపాలయ్యెను.

తరువాత థామ్సను మాటకు విలువ కలిగెను. లావైన రాగితో కొత్త తంతి చేయబడెను. 1865లో అది నడిసముద్రమున తెగినను, 1866 జులైలో గ్రేట్ ఈస్టరన్ ఓడ మరియొక తంతిని జయప్రదముగా దరిచేర్చెను. దానిపై నిమిషమునకు సుమారు 8 మాటలు పోయెను. ఆ యేడే ఆయన సర్ బిరుదమును, 1892లో లార్డు కెల్విను అను బిరుదమును పొందెను. 1907లో మరణించి వెస్ట్‌మినిస్టరు ఆబీయందు సమాధి చేయబడెను.

నేటి సముద్రతంతులు గాజుపోగులు; వానిలో సంజ్ఞ కాంతిరూపమున సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. పై సూత్రము వీనికి చెల్లదు. ఇచట ఆలస్యము దూరమును బట్టియే పెరుగును. వేయి కిలోమీటర్లు పోయి వచ్చుటకు కనీసము 10 మిల్లీసెకండ్లు పట్టును. దారిలోని యంత్రములయందు వరుసలో నిలుచు కాలము దీనికి తోడగును. ఇంటిలో నొకరు పెద్ద చలనచిత్రమును పంపుచున్న, ఆటలోని చిన్న సంజ్ఞలు దాని వెనుక కాచుకొనవలెను. అట్టియెడ కారణము నెరుగక ఎక్కువ ధర చెల్లించి వేగమును కొనుట వైట్‌హౌసు వోల్టులవంటిది. దానివలన దూరము తగ్గదు. మొదట ఆలస్యమును కొలువవలెను. పిమ్మట దగ్గరి సర్వరును ఎన్నుకొనుట, వీలైనచో తీగతో కలుపుకొనుట, పెద్ద పనులను వేరొకవేళ చేసికొనుట మేలు.

విద్యార్థులారా, బలమును హెచ్చించుటకు ముందు కారణమును తెలిసికొనుడు. మీ లెక్కను పెద్దలు త్రోసివేసినను, కెల్వినువలె పనిని విడువక నిలువుడు.