రాష్ట్రపతి పదవికి జాకిర్ సాహెబ్ తగునా?

1967 మే నెల. మా నూజివీడు తోటల్లో రసాలు కోతకు వచ్చే రోజులు. విభజన జరిగి ఇరవై ఏళ్లయినా నిండని దేశానికి ఒక ముస్లిం రాష్ట్రపతి కాగలరా అన్న సందేహం అప్పుడు దేశమంతటా నలిగింది.

డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే జన్మించారు. పూర్వీకులది ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్. పదేళ్ల వయసులో తండ్రిని, 1911లో ప్లేగు వల్ల తల్లిని కోల్పోయారు. అలీగఢ్‌లో చదువుతూ 1920లో గాంధీజీ పిలుపు మేరకు కళాశాల విడిచి, జామియా మిల్లియా స్థాపనలో పాలుపంచుకున్నారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది 1926లో తిరిగి వచ్చేసరికి జామియా మూతపడే స్థితిలో ఉంది. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరవై ఏళ్లు సేవ చేస్తామని ఆయన, సహచరులు మాట ఇచ్చుకున్నారు. మాసిన బూట్లతో వచ్చే పిల్లలకు చెప్పి చెప్పి, ఒకనాడు తానే బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాబోటి వాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

ఆ తరువాత అలీగఢ్ వైస్ ఛాన్సలర్, బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి. 1963లో భారతరత్న.

ఇంతటి వారిపై సందేహం ఎందుకు? ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ పలు రాష్ట్రాలు పోగొట్టుకుంది. సొంత సభ్యులే ఓటు వేయరేమోనన్న భయం పార్టీలో ఉంది. రాధాకృష్ణన్ గారే కొనసాగాలని కామరాజ్ తలచారు. ఇందిరాగాంధీ మాత్రం జాకిర్ గారినే పట్టుబట్టారు. ప్రతిపక్షాలు నిలిపిన కోకా సుబ్బారావు గారు రాజమండ్రివారు, అందుకోసం ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశారు. అటూ ఇటూ మన నేలవారే! న్యాయపీఠం దిగి నేరుగా పోటీకి రావచ్చునా అన్న ప్రశ్న ఆయననూ వెంటాడింది.

మా దృష్టిలో జాకిర్ గారి విషయంలో అడగదగిన ప్రశ్న మతం కాదు. మెత్తని మనిషి, అవసరమైతే ప్రధానికి ఎదురు చెప్పగలరా అన్నది. దాన్ని అడిగినవారు తక్కువ.

మే 6న పోలింగు జరిగింది. జాకిర్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ లభించింది. గెలిచాక ఆయన శృంగేరి శంకరాచార్యులను దర్శించుకుంటే మనవారిలోనూ కొందరు నొచ్చుకున్నారు. అటు ఆయన ముస్లిం అని అనుమానం, ఇటు ఈ అలక.

పదవిలో రెండేళ్లు నిండకుండానే, 1969 మే 3న కన్నుమూశారు. పదవిలో ఉండగా మరణించిన తొలి రాష్ట్రపతి ఆయనే. ఖననం జామియా ఆవరణలోనే జరిగింది.