హంతకులను బోనెక్కించిన ఫ్రిట్జ్ బావర్

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో 1903 జూలై 16న ఒక యూదు కుటుంబంలో ఫ్రిట్జ్ బావర్ జన్మించారు. న్యాయశాస్త్రం అభ్యసించి, పిన్నవయసులోనే న్యాయమూర్తి అయ్యారు. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే ఆయన పదవి పోయింది, నిర్బంధ శిబిరం ప్రాప్తించింది. తరువాత డెన్మార్కుకు, అక్కడినుండి 1943లో స్వీడన్‌కు చేరి ప్రాణాలు దక్కించుకున్నారు.

1949లో స్వదేశం తిరిగివచ్చి, 1956లో హెస్సే రాష్ట్ర ప్రధాన ప్రాసిక్యూటర్ పదవి చేపట్టారు. నాటి న్యాయస్థానాలలో, పోలీసు శాఖలో పాత నాజీలు ఎందరో కొనసాగుతుండేవారు. అందువల్లనే, లక్షలాది యూదులను మృత్యుశిబిరాలకు తరలించిన ఐష్‌మన్ అర్జెంటీనాలో దాగి ఉన్నాడని తెలిసినప్పుడు, ఆ సమాచారాన్ని రహస్యంగా ఇజ్రాయెల్‌కు అందజేశారు. 1960లో ఐష్‌మన్ పట్టుబడ్డాడు. ఇందులో బావర్ పాత్ర ఆయన మరణానంతరమే లోకానికి వెల్లడైంది.

పది లక్షలకు పైగా ప్రజలు హతమైన ఆష్విట్జ్ శిబిర ఉద్యోగులపై ఆయన చొరవతో 1963 డిసెంబరు 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో విచారణ ప్రారంభమైంది. చావు తప్పించుకున్న 200 మందికి పైగా సాక్ష్యమిచ్చారు. శిబిరమంతా ఒకే హత్యాయంత్రమనీ, అందులో ఏ పని చేసినవారైనా హత్యలో భాగస్వాములేననీ బావర్ వాదం. న్యాయస్థానం దానిని అంగీకరించక, ఒక్కొక్కరి నేరానికి విడివిడిగా రుజువులు కోరింది. 1965 ఆగస్టులో 17 మందికి శిక్షలు పడ్డాయి. వారిలో ఆరుగురికి యావజ్జీవం. ముగ్గురు నిర్దోషులుగా విడుదలయ్యారు.

1968 జూలై 1న బావర్ కన్నుమూశారు. ఆయన వాదానికి దగ్గరైన సూత్రాన్ని జర్మన్ న్యాయస్థానాలు 2011 నుండి ఆమోదించసాగాయి. అప్పటికి హంతకులలో అత్యధికులు శిక్ష ఎరుగకుండానే మరణించారు. అయినను, దేశం మరచిపోదలచిన నేరాన్ని మరవనీయకుండా చేసిన ఘనత ఆయనదే.