రాళ్ళను పదిలపరచిన మిషనరీ – రెవరెండ్ స్టీఫెన్ హిస్లాప్ గారు

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల మెట్టల మీద గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్ళు కనబడితే పెద్దలు వాటిని రాక్షసగుళ్ళంటారు. అటువంటి రాతివలయాలను నాగపూరు ప్రాంతంలో పరిశీలించి తిరిగి వస్తూ ప్రాణం విడిచిన దైవసేవకుడు రెవరెండ్ స్టీఫెన్ హిస్లాప్ గారు. నాగపూరులోని కళాశాల ఆయన పేరు మీద ఉన్నది గనుక ఆయన విద్యాసేవ పలువురికి తెలుసు. ఆయన పోగుచేసిన రాళ్ళ సంగతి ఎరిగినవారు తక్కువ.

ఆయన 1817 సెప్టెంబరు 8న స్కాట్లాండులోని డన్స్ పట్టణంలో జన్మించారు. ఫ్రీ చర్చి పక్షాన 1845లో నాగపూరు చేరి, మరాఠీ నేర్చి, బడి స్థాపించి, గోండుల పల్లెలు తిరిగారు.

1851లో సహసేవకులు రాబర్ట్ హంటర్ గారూ ఆయనా టాక్లీ వద్ద నల్లరాతి పొరల నడుమ రాయిగా మారిన నత్తగుల్లలను కనుగొన్నారు. లావా ఒకసారి పారి చల్లారాక, మరల పారేలోగా అక్కడ మంచినీటి మడుగులుండేవని ఆ గుల్లలే సాక్ష్యం. ఈ నల్లరాతి పరుపే మన పాలమూరుకు ఎగువన వికారాబాదు దాకా వచ్చింది. అటుపై సువార్త ప్రయాణాలలో దొరికిన ఆకుల అచ్చులు, కీటకాల రెక్కలు, మంగళి గ్రామంలోని ఉభయచరపు పుర్రె, అన్నిటినీ దొరికిన చోటి వివరాలతో లండను జియలాజికల్ సొసైటీకి పంపారు. పుర్రెను ఓవెన్, ఆకులను బన్‌బరీ, కీటకాలను మర్రే పరీక్షించి వర్ణించారు. గుల్లలను మాత్రం 1860లో ఆయనే వర్ణించారు. అందులో మన రాజమండ్రి దగ్గరి గుల్లలు కూడా ఉన్నవి. అవి ఉప్పునీటి జాతులు. ఒకనాడు సముద్రం అక్కడి దాకా ఉండేదని వాటివల్లనే తెలిసింది.

1863 సెప్టెంబరు 4న సర్ రిచర్డ్ టెంపుల్ గారితో టాకల్‌ఘాట్ రాతివలయాలు చూచి, ఒంటరిగా తిరిగి వస్తుండగా వానకు పొంగిన వాగులో మునిగిపోయారు. మరి నాలుగు రోజులకు 46 ఏళ్ళు నిండేవి. గోండులు మొదలైనవారిని గూర్చి ఆయన రాసిపెట్టిన కాగితాలను టెంపుల్ గారు 1866లో అచ్చువేయించారు.

మన దేశపు రాళ్ళు సీమకు పోయాయని నొచ్చుకునేవారున్నారు. ఆ బాధ న్యాయమే. ఒక జత ఇక్కడ కూడా ఉండవలసింది. కాని నాగపూరులో మ్యూజియం వెలిసింది ఆయన మరణించిన 1863లోనే. అంతకుముందు ఆ ఊళ్ళో వాటిని పెట్టే చోటేదీ? మన ఏలేశ్వరం నాగార్జునసాగరులో మునిగిపోయింది. ముందే తవ్వి భద్రపరచారు గనుక అక్కడి రాతి సమాధుల్లోని వస్తువులైనా మిగిలాయి.

1911లో జియలాజికల్ సొసైటీ తన మ్యూజియాన్నే ఎత్తివేసింది. పరదేశాల రాళ్ళు బ్రిటిష్ మ్యూజియం వారి ప్రకృతిశాస్త్ర శాఖకు చేరాయి. ఇళ్ళు మారినా వాటి ఊళ్ళ పేర్లు పోలేదు, ఎందుకంటే ఆయన వాటిని మొదటే రాసిపెట్టారు. రాజమండ్రి గనిలో ఇప్పుడొక గుల్ల దొరికితే, అది ఏ జాతిదో తేల్చడానికి హిస్లాప్ గారు వర్ణించిన గుల్లతోనే పోల్చి చూస్తారు.